సవరం పెట్టుకున్న సత్యభామ

విజయవాడ

చిన్నీ,

నువ్వు పంపిన నర్తకి ఆనందా శంకర్ జయంత్ గారి ప్రసంగం చూశాను. 2008లో రొమ్ము క్యాన్సర్ అని తెలిశాక, చికిత్స జరుగుతుండగానే ఆవిడ నాట్యం చేశారు. జబ్బు ఒకటే అయినా ఆవిడతో నాకు పోలికేమిటే! ఆవిడ అసలు ఆపలేదు. నేను పెళ్లవగానే గజ్జెలు అటకెక్కించినదాన్ని.

"ఈ వయసులో గంతులెందుకు, రెస్ట్ తీసుకో" అంటున్నావు. డాక్టరుగారిని అడిగే మొదలుపెట్టాను, టెన్షన్ పడకు. ఆపరేషన్‌లో చంక కింద గ్రంథులు తీసేశాక ఎడమ చెయ్యి భుజం దాకా లేచేది కాదు. ఫిజియోథెరపీ అమ్మాయి గోడ మీద వేళ్లతో పైకి పాకించమనేది. పరమ విసుగు. ఒకరోజు గోడ వదిలేసి, కూచిపూడిలో నిలబడే తీరున రెండు చేతులూ చాచి నిలబడ్డాను. మోచెయ్యి జారితే మా మాస్టారు కర్రతో తట్టేవారు. ఆ భయం ఇంకా ఒంట్లో ఉంది కాబోలు, వణుకుతూనే నిలిచింది. నాట్యంతో క్యాన్సర్ తగ్గుతుందని మాత్రం నేననను, అనేవాళ్లని నువ్వూ నమ్మకు. జబ్బు సంగతి మందులు చూసుకున్నాయి. కానీ అన్ని నెలలు స్కానింగులకీ సూదులకీ అప్పగించేసిన ఒళ్లు, తాళానికి అడుగులేసే జతులు మొదలుపెట్టాకే మళ్లీ నాదైంది.

సాయంత్రాలు మన అపార్ట్‌మెంట్ ఆడవాళ్లు నేర్చుకోవడానికి వస్తున్నారు. అందరూ యాభై దాటినవాళ్లే. మోకాళ్లు పక్కలకి వంచి నిలబడే అరమండి సగమే కూర్చోమంటాను, బాగా వేగంగా ఆడే మూడోకాలం జోలికి పోము.

ఇప్పుడు సత్యభామ కథ ఆడే భామాకలాపంలో ప్రవేశ దరువు, అంటే ఆవిడ రంగం మీదికి వచ్చే పాట, చెప్తున్నాను. చిక్కు అక్కడే వచ్చింది. సత్యభామంటేనే జడ. తెర మీంచి జడ వేసి, నన్ను గెలిచేవాళ్లుంటే రమ్మని సభకి సవాలు విసరడం కూచిపూడివాళ్ల ఆచారం. కీమో తర్వాత మొలిచిన నా జుట్టుకి రబ్బరుబ్యాండు కూడా నిలవదు. జడ పట్టుకుని నడవాల్సిన చోట నా చెయ్యి ఉత్తినే తిరుగుతుంటే పాపం వాళ్లు తలలు వంచుకున్నారు. అప్పుడు గుర్తొచ్చింది. సత్యభామగా వేదాంతం సత్యనారాయణశర్మ గారిని మించినవాళ్లు లేరంటారు కదా, ఆయన మగవాడు! తరతరాలుగా కూచిపూడి ఊళ్లో మగవాళ్లే ఆ వేషం కట్టారు. అందరిదీ పెట్టుకున్న జడే, పెంచుకున్నది కాదు. మర్నాడే వన్‌టౌన్ వెళ్లి సవరం, జడకుప్పెలు కొన్నాను.

కింద ఫ్లాట్ పిన్నిగారికి అడుగులు బాగానే పడుతున్నాయి, గర్వమే రావట్లేదు. "అత్తగారింట్లో అణిగిమణిగి బతికినదాన్ని, ఇప్పుడు ఎక్కణ్నుంచి తేనమ్మా" అంటారు. ఆవిడకి రావాలంటే ముందు నేను అలా నడిచి చూపించాలి. అందుకని రోజూ సవరం పెట్టుకుని హాల్లో ఆ చివర్నుంచి ఈ చివరికి నడుస్తున్నాను. మీ నాన్న పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటున్నారు.

సంక్రాంతికి వస్తావుగా, పాటకి తాళాలు నువ్వు పట్టాలి. ఫోన్లో పాట పెట్టి చెప్తుంటే ఆపి మళ్లీ మొదలుపెట్టడం నాకు కంగారుగా ఉంది. వచ్చేటప్పుడు వాపు రాకుండా చేతికి వేసుకునే ఆ బిగుతు స్లీవ్ ఇంకోటి పట్రా, ఇది సాగిపోయింది.

అమ్మ