చిన్నీకి, దిగే ముందు

చిన్నీ,

ఇక్కడ అందరం బాగున్నాం. బామ్మ కంటి ఆపరేషన్ అయింది, కట్టు విప్పేశారు. నీ ఫోన్ లేక చాలా రోజులైంది. మొన్న దిగేటప్పుడు నీ విమానం గడ్డిలోకి పోయిందని సుధత్త అంది. దాని గురించి నేను అడగను. నీ విమానం నడిపే చదువు సంగతులే నాలుగు ముక్కలు రాస్తాను.

పక్కగాలిలో చక్రాలు నేలకు తగలగానే చాలామంది చేతులు వదులు చేస్తారు. జారేది అక్కడే. వేగం తగ్గేకొద్దీ రెక్కల మీద కదిలే పలక, ఆ ఎయిలరాన్ పట్టు తగ్గుతుంది కాబట్టి చేతిలోని స్టీరింగ్‌ను, అదే యోక్‌ను గాలి వచ్చే వైపుకి ఇంకా ఇంకా తిప్పుతూ, చివరికి పూర్తిగా తిప్పి పట్టుకోవాలి. లేకపోతే ఆ వైపు రెక్క లేస్తుంది, ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది, ఇక గడ్డే. మీ సెస్నా 172 విమానానికి రాసిన 15 నాట్ల పక్కగాలి పరీక్షల్లో చేసి చూపించిన గాలి. నువ్వు అంతకంటే బాగా తక్కువలోనే ఉండు.

నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం రన్‌వేకి అడ్డంగా ఎగిరే బేస్ నుంచి, దానికి నేరుగా వచ్చే ఫైనల్‌కి తిరిగే మలుపు. బేస్‌లో వెనకగాలి ఉందనుకో, చూస్తుండగానే రన్‌వే వరస దాటిపోతావు. ఎక్కువ వాల్చడానికి భయమేసి, తోకను తిప్పే కాలి పెడల్, రడ్డర్‌ను మలుపు లోపలి వైపు నొక్కి ముక్కును రన్‌వే వైపు తిప్పాలనిపిస్తుంది. అప్పుడు బయటి రెక్క వేగం పెరిగి వాలు ఇంకా పెరుగుతుంది. దాన్ని ఆపాలని యోక్ ఎదురు తిప్పుతావు, ముక్కు దిగుతోందని వెనక్కి లాగుతావు. రడ్డర్ ఒకవైపు, ఎయిలరాన్ ఒకవైపు. లోపలి రెక్క ముందు స్టాల్ అయి, అంటే ఎత్తి పట్టే బలం పోయి, విమానం అటే తిరగబడి గిరగిరా తిరిగే స్పిన్‌లో పడుతుంది. కింద ఉన్నది ఏ 500 అడుగులో; తేరుకునే ఎత్తు కాదది. వాలు 30 డిగ్రీలు దాటనివ్వకు. ఎత్తు నిలుపుకుంటూ 45లో తిరిగితే స్టాల్ వేగం 19 శాతం పెరుగుతుంది, 60లో 41 శాతం. వరస దాటితే దాటనీ తల్లీ, పక్కకి జారుతున్నావో లేదో చూపే బంతి మధ్యలో ఉంచి, దిగడం మానేసి మళ్ళీ పైకెక్కు, అదే గో-అరౌండ్ చెయ్యి. ఎవరేమనుకుంటారో అని చూడకు.

గో-అరౌండ్‌లోనూ తొందర పనికిరాదు. దిగడానికి పెట్టిన ట్రిమ్ (యోక్ బరువు తగ్గించే సర్దుబాటు) వల్ల ఫుల్ పవర్ ఇవ్వగానే ముక్కు బలంగా లేస్తుంది. యోక్ ముందుకు నెట్టి పట్టు, కుడి రడ్డర్ ఇవ్వు, రెక్కల వెనక దించిన పలకలు, ఆ ఫ్లాప్స్ వెంటనే 20 డిగ్రీలకి తే. మిగతాది నిలకడగా ఎక్కుతున్నప్పుడే తియ్యి. ఒక్కసారిగా తీసేస్తే కిందికి దిగబడుతుంది. నేలకు తగిలి పైకెగిరినా ముక్కును కిందికి నెట్టకు. ముందు చక్రం ముందుగా తగిలి, ప్రతి ఎగురూ అంతకుముందు కంటే పెద్దదవుతుంది.

అమ్మ కుట్టిన దిండు వాడుతున్నావా? రోజుకో ఎత్తులో కూర్చుంటే రన్‌వే రోజుకో రకంగా కనిపిస్తుంది, నేలకు తగిలే ముందు ముక్కు ఎత్తే ఫ్లేర్ ఎప్పుడు చెయ్యాలో తేలదు. ఆ దళసరి అడుగు బూట్లు మానెయ్, రడ్డర్ కాలికి తెలియదు. సీటు జరిపాక గట్టిగా ఊపి చూడు, పిన్ను పడిందో లేదో.

సుధత్తని ఇంకేమీ అడగలేదు. ఆ రోజు గాలి ఎటు నుంచి ఉంది, ఎంత ఉంది? రాత్రి ఎంత ఆలస్యమైనా ఫోన్ చెయ్యి, మెలకువగానే ఉంటాను.

నాన్న