రెండేళ్ల కార్డు, భర్త సంతకం

సంపాదకుడు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో అమెరికా సంబంధాల మీద వచ్చిన వ్యాసం చదివాను. వ్యాసం సంగతి అలా ఉంచండి. పక్కనే బాక్సు కట్టి వేసిన నాలుగు వాక్యాల్లో ఒకటి నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. 'రెండేళ్లలోపు విడాకులైతే గ్రీన్ కార్డు రద్దవుతుంది' అన్నారు. అది తప్పు. ఉత్త తప్పే అయితే ఉత్తరం రాసేదాన్ని కాదు. ఆ మాటనే నమ్మి మా చెల్లెలి కూతురు నార్త్ కరోలినాలో ఒక ఇంట్లో పద్నాలుగు నెలలు నోరు మూసుకుని బతికింది.

అమ్మాయి పెళ్లి 2020 ఫిబ్రవరిలో జరిగింది. అబ్బాయి అమెరికా పౌరుడు. కరోనా వల్ల వీసా ఆలస్యమైంది. ముంబై కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి నేనే తోడు వెళ్లాను. 2021 డిసెంబరులో అమెరికాలో దిగింది. పెళ్లయి రెండేళ్లు నిండకముందే దిగింది కాబట్టి రెండేళ్ల గడువుతో, షరతులతో కూడిన కార్డు ఇచ్చారు. కార్డు మీద సీఆర్1 అని ఉంటుంది. ఇంకో మూడు నెలలు ఆగి వెళ్లి ఉంటే నేరుగా పదేళ్ల కార్డు వచ్చేదని మాకు తర్వాత తెలిసింది. టికెట్ చవగ్గా దొరికిందని మేమే తొందరపెట్టాం.

కార్డు కోసం దొంగపెళ్లిళ్లు చేసుకుంటున్నారన్న అనుమానంతో 1986లో అమెరికా తెచ్చిన చట్టం ఇది. గడువు తీరే ముందు తొంభై రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి ఐ-751 అనే దరఖాస్తు పెట్టాలి. ఇద్దరి సంతకాలూ కావాలి. ఆ సంతకమే భర్త చేతికి అందిన తాడు. 'నేను సంతకం పెట్టను, ఒక్క మెయిల్ కొడితే నీ కార్డు పోతుంది, హనుమకొండ బస్టాండులో దిగుతావు' అనేవాడట. బస్టాండు పేరు కూడా చెప్పేవాడంటే ఎంత తీరుబడిగా బెదిరించాడో చూడండి.

అదే చట్టంలో, భర్త సంతకం లేకుండా భార్య ఒక్కతే దరఖాస్తు పెట్టుకునే దారి కూడా ఉంది. పెళ్లి నిజాయితీగా చేసుకున్నదే కానీ విడాకులతో ముగిసింది అని చూపవచ్చు. కొట్టాడనో, తీవ్రంగా హింసించాడనో చూపవచ్చు. ఈ రెండోది 1990లో చేర్చారు, దీనికి విడాకులయ్యేదాకా ఆగనక్కర్లేదు. వెనక్కి పంపిస్తే తీవ్రమైన కష్టాల పాలవుతానని చూపడం మూడో దారి. ఒంటరిగా పెట్టేవాళ్లకు ఆ తొంభై రోజుల లెక్క కూడా లేదు. ఇక కార్డు తీసేయడమంటారా, ఆ అధికారం ప్రభుత్వానిది. దరఖాస్తు తిరస్కరించినా ఇమ్మిగ్రేషన్ జడ్జి ముందు మళ్లీ వాదించుకోవచ్చు. భర్త మెయిల్ అందులో ఒక కాగితం, అంతే.

మరి ఇంతమందికి ఈ అపోహ ఎలా పట్టుకుంది? మనవాళ్లలో చాలామంది భార్యలు వెళ్లేది హెచ్-4 వీసా మీద. ఆ హోదా భర్త ఉద్యోగ వీసాను పట్టుకుని ఉంటుంది, విడాకులైతే పోతుంది. అది నిజం. ఆ నిజాన్ని గ్రీన్ కార్డుకూ అంటగట్టి మా వీధి చివర వీసా కన్సల్టెంటూ చెప్పాడు, మా బావగారి స్నేహితుడూ చెప్పాడు, ఇప్పుడు మీరూ అచ్చువేశారు.

2023 మే నెలలో అమ్మాయి ఆ ఇల్లు వదిలింది. ఉచిత న్యాయసహాయం చేసే ఒక లాయరమ్మ మొదట అడిగింది హింస గురించి కాదు, కాగితాల గురించి. ఇల్లు అద్దె ఒప్పందంలో నీ పేరుందా? కరెంటు బిల్లులో? కారు బీమాలో? బ్యాంకులో? దేనిలోనూ లేదు. ఖాతా ఆయన పేరు మీద, ఈమె చేతిలో ఒక అదనపు కార్డు. నేను ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరైనదాన్ని. కొత్త దంపతులు కౌంటరు దగ్గరికొస్తే ఇద్దరి పేరా 'ఐదర్ ఆర్ సర్వైవర్' ఖాతా తెరవండమ్మా అని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. సొంత చెల్లెలి కూతురికి ఆ ముక్క చెప్పాలని తోచలేదు నాకు. కార్ల సంగతి అడిగాం, జీతం అడిగాం, ఇంటికి ఎన్ని గదులో అడిగాం.

పెళ్లి నిజమైనదని నిరూపించే భారం ఆమెదే. అప్పుడు మొదలైంది మా ఇంట్లో తవ్వకం. చెల్లెలి బీరువాలో పట్టుచీరల కింద లగ్నపత్రిక దొరికింది, పసుపు మరకలతో సహా. రిజిస్ట్రారు ఆఫీసు ఇచ్చిన వివాహ ధ్రువపత్రం దొరికింది. అక్కడి తెలుగువాళ్ల బతుకమ్మ ఫోటోల్లో ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. ఆ ఫోటోల్లోనే ఉన్న మన దంపతులు ఇద్దరిని ఒక వాంగ్మూలం రాసివ్వమంటే 'మాకెందుకండీ ఈ గొడవ' అన్నారు. రాసిచ్చింది ఎదురింటి గుజరాతీ పెద్దావిడ. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం మాత్రం ఆయనగారే సమకూర్చిపెట్టారు. పన్ను తగ్గుతుందని 2022 సంవత్సరానికి ఇద్దరి పేరా ఉమ్మడి రిటర్ను వేశారు. పొదుపరి!

ఇంకో చిక్కు నార్త్ కరోలినాది. ఆ రాష్ట్రంలో భార్యాభర్తలు ఏడాది పాటు వేరుగా ఉంటేగాని విడాకులకు వేయడానికే వీల్లేదు. టెక్సాస్‌లో అయితే కేసు వేశాక రెండు నెలల గడువు చాలు. ఈ అమ్మాయి కార్డు గడువు 2023 డిసెంబరుతో తీరుతుంది, విడాకుల కేసు 2024 మే తర్వాతగాని పడదు. మధ్యలో ఏం చేయాలి? గడువుకు ముందే, నవంబరులో, ఒంటరిగా దరఖాస్తు పెట్టించింది లాయరమ్మ, విడాకుల పత్రం తర్వాత పంపుతామని రాసి. అప్పటి ఫీజు 680 డాలర్లు. 2024 ఏప్రిల్ నుంచి 750. రశీదు వచ్చింది. పాత కార్డుకు ఆ రశీదు తోడుంటే గడువు మరో 48 నెలలు సాగుతుంది. దాంతోనే ఉద్యోగం చేసింది, దాంతోనే మా అమ్మ సంవత్సరీకానికి వచ్చి వెళ్లింది. విడాకుల పత్రం చూపమని ఇమ్మిగ్రేషన్ ఆఫీసు అడిగేనాటికి కోర్టు డిక్రీ చేతికొచ్చేసింది. పత్రం అడిగినప్పుడు లేకపోతే తిరస్కరించి జడ్జి దాకా నడిపించేవారు. అందుకే రాష్ట్రాన్ని బట్టి లెక్క వేసుకోవాలి, లాయరు లేకుండా ఈ లెక్క వేయకూడదు. నిరుడు పదేళ్ల కార్డు వచ్చింది. పౌరుడి భార్యగా మూడేళ్లకే పౌరసత్వానికి పెట్టుకునే వీలు మాత్రం పోయింది, అందరిలాగే ఐదేళ్లు ఆగాలి. షరతుల కార్డు మీద గడిపిన రెండేళ్లూ ఆ ఐదింట్లో కలుస్తాయి.

భర్తలు చెప్పని సంగతి ఇంకొకటుంది. భార్యను తెచ్చుకునేటప్పుడు వాళ్లు ఐ-864 అనే పూచీకత్తు మీద సంతకం చేస్తారు. పేదరిక రేఖకు 125 శాతం ఆదాయానికి తగ్గకుండా ఆమెను చూసుకుంటానని ప్రభుత్వానికిచ్చే హామీ అది. విడాకులతో అది తీరిపోదు. ఆమె పౌరురాలు అయ్యేదాకానో, సుమారు పదేళ్ల పని లెక్క పూర్తయ్యేదాకానో, దేశం విడిచి వెళ్లిపోయేదాకానో ఉంటుంది. బస్టాండు పేరు గుర్తున్న మనిషికి ఈ సంతకం గుర్తులేదు.

ఇక్కడి సంగతీ చూసుకోవాలి. తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒకాయన అమెరికా వెళ్లి మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకుని మరో పెళ్లి చేసుకుంటే, 1991లో మన సుప్రీంకోర్టు ఆ డిక్రీ ఇక్కడ చెల్లదంది. హిందూ వివాహ చట్టంలో లేని కారణం మీద, భార్య ఒప్పుకోకుండా, హాజరు కాకుండా వచ్చిన డిక్రీ అది. కాబట్టి అక్కడి డిక్రీ ఒక్కటే చాలనుకోకండి. మా అమ్మాయి నార్త్ కరోలినా కోర్టులో తనే స్వయంగా నిలబడి తన సమ్మతితో డిక్రీ తీసుకుంది. అలా చేయమన్నది ఇక్కడి లాయరు. రేపు మరో సంబంధం కుదిరితే ఇక్కడ చిక్కు రాకూడదని.

ఇదంతా ఆడపిల్లల గోడు మాత్రమే అనుకోకండి. అక్కడ పుట్టి పెరిగిన అమ్మాయిల్ని చేసుకుని వెళ్లిన మన అబ్బాయిలకూ ఇదే కార్డు, ఇదే సంతకం. వాళ్లు బయటికి చెప్పుకోవడానికి మరీ సిగ్గుపడతారు.

ప్రభుత్వాల విషయానికొస్తే, విదేశాల్లో భర్తలు వదిలేసిన స్త్రీలకు కేసు ఖర్చుల కింద 4000 డాలర్ల వరకు ఇచ్చే పథకం విదేశాంగ శాఖలో ఉంది. అలాంటిదొకటి ఉందని మాకు ఎవరూ చెప్పలేదు. ప్రవాస వివాహాల నమోదుకు 2019లో రాజ్యసభలో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. 2024లో లా కమిషన్ సమగ్ర చట్టం కావాలని నివేదిక ఇచ్చింది, అదీ అలాగే ఉంది. ఢిల్లీ సంగతి ఢిల్లీలోనే ఉండనివ్వండి. పెళ్లి నమోదు చేసే మన రిజిస్ట్రారు ఆఫీసుల్లో, వరుడు విదేశంలో ఉంటే, వధువు చేతికి తెలుగులో ఒక్క కాగితం ఇవ్వలేరా? ఏ వీసా అయితే ఏమవుతుందో, ఏ కాగితాల మీద తన పేరుండాలో, పాస్‌పోర్టూ కార్డూ ఎవరి దగ్గరుండాలో రాసి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రవాసుల కోసం విభాగాలున్నాయి కదా, ఆ కాగితం రాసే పని వాళ్లకు పెద్ద భారం కాదు.

మీకు నా మనవి ఒక్కటే. ఆ బాక్సును సరిచేసి మళ్లీ వేయండి. లోపలి పేజీలో చిన్న అక్షరాల సవరణ వద్దు. అదే ఆదివారం అనుబంధంలో, అదే చోట, అంతే సైజులో వేయండి. ఆ అనుబంధాన్ని మా చెల్లెలు ఫోనులో ఫోటో తీసి కూతురికి పంపుతుంటుంది. అలా పంపే తల్లులు ఇంకా ఉంటారు.

అమ్మాయి వివరాలు బయటపడకుండా నా పేరు ప్రచురించవద్దని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
హనుమకొండ