జెడ్ ఎఫ్ కొనే ముంగట జర ఇది చదువు

హన్మకొండ
ఆదివారం పొద్దుగాల

అరేయ్ శ్రీనూ,

నికాన్ జెడ్ ఎఫ్ కెమెరా కొనాల్నా వద్దా అని అడిగిన నీ మెసేజ్ మొత్తం చదివిన. అండ్ల సగానికెక్కువ కెమెరా అందం గురించే ఉన్నది. నల్లటి బాడీ, ఇత్తడి డయళ్లు, 1982ల వచ్చిన నికాన్ ఫిల్ము కెమెరా ఎఫ్ఎం2 పోలిక, అన్నీ నిజమే. నికాన్ జెడ్ ఎఫ్ చేతిల పట్టుకుంటే ఎవలికైనా మనసు గుంజుతది. గానీ లక్షన్నర పైమాట పెట్టేటప్పుడు అందం సంగతి జర పక్కకు వెట్టి, నీ బ్యాగుల ఏమున్నదో చూద్దాం. నికాన్ డీఎస్ఎల్ఆర్ డి750 బాడీ, 50 ఎంఎం ఎఫ్/1.8డి, పాత 105 ఎంఎం ఎఫ్/2.5 ఏఐ-ఎస్ మాన్యువల్ లెన్సు, పెళ్లిళ్లకు పట్టుకపోయే ఏఎఫ్-ఎస్ 70-200. కొనాల్నా వద్దా అన్నది ఈ నాలుగింటిని బట్టే ఉంటది.

నా మాట ముందుగాలనే చెప్తున్న. పెళ్లిళ్ల కోసమైతే వద్దు. రామప్ప, కోట, బతుకమ్మ, బజార్లల్ల తిరుగుడు, గివాటి కోసమైతే తీస్కో. తీస్కున్నా చిన్న లెన్సు తోనే తీస్కో.

తేలికైతది అన్నవ్ గద, ఆ లెక్క వేద్దాం. బ్యాటరీ, కార్డు కలుపుకొని డి750 840 గ్రాములు, జెడ్ ఎఫ్ 710. నీకు మిగిలేది 130 గ్రాములు. నీ పాత లెన్సులు దానికి తగలాలంటే నడుమ ఎఫ్‌టీజెడ్ 2 అడాప్టర్ పడాలె, అది 125 గ్రాములు. ఇగ తగ్గిందేమున్నది? 40 ఎంఎం ఎఫ్/2 ఎస్ఈ పెడితేనే బరువు దిగినట్టు చేతికి తెలుస్తది, ఆ లెన్సు 170 గ్రాములే. ఇంకోటి, ఈ బాడీకి ముంగట చేతి నిండ పట్టు లేదు. 70-200 పెడితే బరువంతా ముంగటికి వంగి మణికట్టు గుంజుతది. బయట దొరికే చిన్న గ్రిప్ బిగిస్తే సగం బాధ పోతది. కొనేటప్పుడు కింద బ్యాటరీ మూత తెరుసుకునే సందు ఉన్నదా లేదా చూడు, ఎందుకంటే మెమొరీ కార్డులు సుత ఆ మూత కిందనే ఉంటయ్. వెడల్పు ట్రైపాడ్ ప్లేటు బిగించినవంటే కార్డు మార్చినప్పుడల్ల దాన్ని ఊడదియ్యాలె.

ఇగ లెన్సుల ముచ్చట. 70-200 ల దాని మోటరు దానికే ఉన్నది, అడాప్టర్ మీద ఆటోఫోకస్ మంచిగ పనిచేస్తది. 50 ఎంఎం డి ల మోటరు లేదు. ఇన్ని రోజులు డి750 బాడీల ఉన్న మోటరే ఒక మర తోని దాన్ని తిప్పుకుంట వచ్చింది. ఆ మోటరు జెడ్ ఎఫ్ ల లేదు, అడాప్టర్ల సుత లేదు. లెన్సు మీది రింగును ఎఫ్/22 కాడ లాక్ చేస్తే ఎపర్చర్, అంటే లెన్సుల వెలుతురు వచ్చే కంత, కెమెరా నుంచే మారుతది, వెలుతురు కొలిచే మీటర్ పనిచేస్తది, గానీ ఫోకస్ మాత్రం చేతితోనే తిప్పాలె. సంకల ఎత్తుకున్న పిల్ల ఇటు తిరిగి నవ్వే లోపట ఫోకస్ దొరకదు. అంటే నీకు అన్నిటికంటె ఎక్కువ అక్కెరకొచ్చే లెన్సే ఈ బాడీ మీద సగం పనికి పడిపోతది.

105 సంగతి దీనికి ఉల్టా. డి750 వ్యూఫైండర్ అద్దం ఆటోఫోకస్ లెన్సుల కోసం చేసింది, ఎఫ్/2.5 కాడ ఏది ఖచ్చితంగ ఫోకస్‌ల ఉన్నదో దాంట్ల కంటికి తేలదు. జెడ్ ఎఫ్ ల తేలుతది. ఎట్ల పెట్టుకోవాల్నో చెప్తా. మెనూల నాన్-సీపీయూ లెన్స్ డేటా అని ఉంటది, అండ్ల 105 అని, 2.5 అని ఎక్కించు. ఇది ఊకె రాసుకునే లెక్క కాదు. సెన్సర్‌ను కదిపి వణుకును ఆపే యంత్రానికి లెన్సు ఎంత పొడుగుదో తెల్వాలె. 50 అని ఉంచి 105 పెట్టినవంటే అది సగమే సరిచేస్తది, ఫోటో మసకగ వస్తది, నువ్వేమో లెన్సు పాడైందనుకుంటవ్. మోడ్ లివర్ ‘ఏ’ (ఎపర్చర్ నీది, షట్టర్ కెమెరాది) కాడ గాని ‘ఎం’ (రెండూ నీవే) కాడ గాని ఉంచు. రింగు తిప్పితే ఎపర్చర్ రెక్కలు నిజంగనే మూసుకుంటయ్, డీఎస్ఎల్ఆర్ లెక్క బటన్ నొక్కినప్పుడే మూసుకునుడు ఉండదు. ఎఫ్/8 కాడ ఫోకస్ పీకింగ్ (ఫోకస్‌ల ఉన్న అంచులకు రంగు పూసి చూపుడు) చూసినవంటే బొమ్మంత మెరుస్తది, ఏది షార్పో తెల్వది. ఎఫ్/2.5 కాడ తెరిచి, జూమ్ చేసి ఫోకస్ పట్టు, తర్వాత రింగు మూసుకో. ఎదురుంగ మనిషి ఉంటే ఇంకా అల్కగ అయితది. మాన్యువల్ ఫోకస్‌ల సుత ఈ కెమెరా కన్నును గుర్తువడ్తది, జూమ్ నొక్కితే సక్కగ ఆ కన్ను మీదికే పోతది.

డయళ్ల మీద నీకు మోజు ఉన్నది గని, అవి ఎప్పుడు పనిచేస్తయో ఎప్పుడు చెయ్యవో తెలుసుకో. ఎడమ దిక్కు ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురును ఎంత పెంచి చూపాలె అన్న అంకె) డయల్, దాని కింద మోడ్ లివర్. కుడి దిక్కు షట్టర్ డయల్, ఇంకా అవతల ఫోటో వెలుగు పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కంపెన్సేషన్. నువ్వు ఎప్పుడూ ‘ఏ’ మోడ్‌ల తీసెటోనివి. ‘ఏ’ మోడ్‌ల షట్టర్ డయల్ ఎంత తిప్పినా ఏం కాదు, అది ‘ఎస్’ (షట్టర్ నీది, ఎపర్చర్ కెమెరాది) ల, ‘ఎం’ ల మాత్రమే మాట ఇంటది. డయల్ మీద అంకెలన్నీ పూర్తి స్టాపులే (ఒక స్టాపంటే వెలుతురు డబుల్ గాని సగం గాని), 1/125 తర్వాత 1/250. నడుమది కావాల్నంటే డయల్‌ను 1/3 స్టెప్ కాడికి తిప్పి ఎనుక చక్రం తోని మార్చాలె. అట్ల చేసినప్పుడు పైన డయల్ ఊకె సోకుకు ఉన్నట్టే. ఆటో ఐఎస్ఓ పెట్టినవంటే డయల్ మీద ఒక అంకె, లోపల ఇంకో అంకె ఉండొచ్చు. వ్యూఫైండర్‌ల కనపడేదే నమ్ము.

ఎపర్చర్ రింగు సంగతి సుత సాన మంది చూసుకోరు. 40 ఎస్ఈ చూడనీకి పాత లెన్సు లెక్కనే ఉంటది గని దానికి ఎపర్చర్ రింగు లేదు. ఎపర్చర్ ముంగటి చక్రం తోని మార్చాలె, పైన చిన్న కిటికీల అంకె కనిపిస్తది. షట్టర్ ఒక చేతికి, ఐఎస్ఓ ఇంకో చేతికి, ఎపర్చర్ లెన్సు మీద, అన్నీ కంటికి కనపడుకుంట ఎం మోడ్‌ల తీసుడు అన్న ముచ్చట తీరాలంటే, నీ దగ్గర ఉన్న ఆ 105 తోనే తీరుతది. నేను నిన్ను తీస్కోమనేది ఎక్కువ దీనికోసమే.

రామప్పల ఈ కెమెరా ఎట్ల అక్కెరకొస్తదో చూడు. పురావస్తు శాఖ గుళ్లల్ల అనుమతి కాయితం లేకుంట ట్రైపాడ్ పెట్టనియ్యరు. లోపట రంగమండపం కప్పు కింద మిట్టమధ్యాన్నం సుత మసకమసకనే. 40 ఎంఎం తోని, వణుకు ఆపే వసతి లేని కెమెరాల 1/60 కంటె కిందికి దిగలేవు, అక్కడ ఐఎస్ఓ 12800 పడుతుందనుకో. జెడ్ ఎఫ్ ల సెన్సర్ వణుకు ఆపుడు 8 స్టాపుల దాంక అని కంపెనీ లెక్క. అంత నమ్మకు గని నాలుగు స్టాపులకు ఢోకా లేదు. గోడకు ఆనుకొని ఊపిరి బిగవట్టి 1/4 కాడ తీస్తే అదే ఫోటో ఐఎస్ఓ 800 తోని వస్తది. రాయి కదలదు కాబట్టి సరిపోతది. బయట మదనికల (చూరు కింది ఆడమనుషుల బొమ్మలు) కాడ ఇంకో చిక్కు. నున్నగ చెక్కిన ఆ నల్లరాయిని చూసి మీటర్ మోసపోతది, నలుపును బూడిదరంగు చేద్దామని వెలుతురు పెంచుతది, చెక్కడం మీది మెరుపు తెల్లగ కొట్టుకపోతది. కంపెన్సేషన్ డయల్ మైనస్ 0.7 నుంచి మైనస్ 1 కాడ పెట్టు. గుడి బయటికి వచ్చినంక మల్ల సున్నాకు తెచ్చుడు మర్వకు. కనపడే డయల్ ఉన్నందుకు లాభం ఇదే, కెమెరా బంద్ ఉన్నా దాని మీద చూసుకోవచ్చు.

బతుకమ్మ కాడ వణుకు ఆపుడు పనికిరాదు, ఎందుకంటే అక్కడ కదిలేది మనుషులు. తిరుగుకుంట చప్పట్లు కొట్టేటోళ్ల చేతులు ఆగాలంటే 1/200 అన్న కావాలె. చేతులు జర మసకగ ఉన్నా మంచిదే అనుకుంటే 1/60 కు దిగు. సైలెంట్ మోడ్ జోలికి పోకు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఎల్ఈడీ లైట్లు మినుకుమినుకుమంటయ్, ఎలక్ట్రానిక్ షట్టర్ వరుస వరుసగ చదువుతది కాబట్టి ఫోటో అడ్డంగ చారలు వడ్తది. మెకానికల్ షట్టర్ పెట్టి 1/100 కాడ ఉంచితే సాన మట్టుకు చారలు పోతయ్. తంగేడు పసుపు, బంతి నారింజ, పట్టుచీర ఎరుపు అన్నీ ఒకే ఫ్రేములకు వస్తయ్ గద, మామూలు హిస్టోగ్రామ్ (ఫోటోల వెలుతురు లెక్క చూపే గీత) బాగున్నట్టే చూపిస్తది, ఎరుపు ఒక్కటి మాత్రం నిండి పొర్లిపోయి పువ్వుల రేకలు అట్టముక్క లెక్క అయితయ్. ఫోటో తీసినంక, మూడు రంగులు వేరువేరుగ చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ తెరిచి ఎరుపు గీత చూసుకో.

షట్టర్ డయల్ కింద ఫోటో, బ్లాక్ అండ్ వైట్, వీడియో మార్చే లివర్ ఉంటది. తెలుపు-నలుపు మంచిగ వస్తది, డీప్ టోన్ అయితే రాతి చెక్కడాలకు సరిగ్గ సరిపోతది. గానీ ఉత్త జేపెగ్ తీస్తే రంగు ఇగ ఎన్నటికీ రాదు. రా (సెన్సర్ చూసింది చూసినట్టు దాచే ఫైల్) ప్లస్ జేపెగ్ పెట్టుకో, రా ఫైల్‌ల రంగు పదిలంగ ఉంటది.

పెళ్లిళ్లకు ఎందుకు వద్దన్ననో ఇప్పుడు చెప్తా. రెండు కార్డులున్నయ్ గని ఒకటి మామూలు ఎస్‌డీ, వేగంగ రాసే యూహెచ్‌ఎస్-2 రకం, ఇంకోటి గోరంత మైక్రో ఎస్‌డీ, మెల్లగ రాసే యూహెచ్‌ఎస్-1. రెండిట్ల ఒకేసారి రాసేటట్టు బ్యాకప్ పెడితే మొత్తం ఆ చిన్న కార్డు నడకనే నడుస్తది. తలంబ్రాల కాడ పటపట తీస్తుంటే బఫర్ (కార్డుకు పోయే ముంగట ఫోటోలు ఆగే జాగ) నిండి కెమెరా ఆగుతది. ఫోకస్ పాయింట్ జరిపే జాయ్‌స్టిక్ లేదు, ఎనుక బాణాల బటన్ తోని జరపాలె. బ్యాటరీ లెక్క చూడు, డి750 కు ఒక్క చార్జ్ మీద 1230 ఫోటోలు అన్నరు, దీనికి వ్యూఫైండర్ తోని 360. ఆ లెక్క కంటె ఎక్కువే వస్తయ్ గని మూడు బ్యాటరీలన్న ఉండాలె. నీ డి750 పాత ఈఎన్-ఈఎల్15 బ్యాటరీలు దీంట్ల పడతయ్, గానీ తక్కువ ఫోటోలు వస్తయ్, కెమెరాల ఉంచి యూఎస్‌బీ తోని చార్జ్ చేద్దామంటే ఎక్కయ్. ఆ పనికి 15బి గాని 15సి గాని కావాలె.

పెళ్లిళ్లే నీకు ముఖ్యమైతే 2025ల వచ్చిన నికాన్ జెడ్5 2 చూడు. అదే 24.5 మెగాపిక్సెల్, అదే ఎక్స్‌పీడ్ 7 ప్రాసెసర్, పైసలు తక్కువ, లోతైన గ్రిప్, జాయ్‌స్టిక్, రెండూ పెద్ద ఎస్‌డీ కార్డులు. ఫోటోల తేడా ఎవ్వడు చెప్పలేడు. పాత మోజు తోని పాటు 50డి ఆటోఫోకస్ సుత కావాల్నంటే 2013 నాటి నికాన్ డిఎఫ్ ఒకటుంది. దాంట్ల మోటరు ఉన్నది, ఏఐ-ఎస్ లెన్సులకు రింగు జోడింపు ఉన్నది, అడాప్టర్ అక్కెరలేదు. గానీ 16 మెగాపిక్సెళ్లు, వీడియో లేదు, వణుకు ఆపుడు లేదు, దొరికేది సెకండ్ హ్యాండే. నేనైతే దానికి పైసలు పెట్టను.

కొనే ముంగట ఒక పని చెయ్యి. నీ డి750 మీద 50 ఒక్కటే పెట్టి, ఎం మోడ్‌ల, ఐఎస్ఓ సుత చేతితో మార్చుకుంట కొన్ని వారాలు తియ్యి. విసుగు పుడితే జెడ్ ఎఫ్ సుత నాల్గు దినాల్లో ‘ఏ’ మోడ్‌లకే వస్తది, అప్పుడు జెడ్5 2 తీస్కో. హైదరాబాద్‌ల కిరాయికిచ్చేటోళ్లు ఉన్నరు, శని ఆదివారాలకు తెచ్చుకొని చూసినా మంచిదే. నీ 105 కోసం అడాప్టర్ సుత అడుగు.

దుకాణంల డబ్బా మీద, బాడీ మీద, బిల్లు మీద సీరియల్ నంబర్ ఒక్కటే ఉన్నదా చూడు. ఇండియా వారంటీ కాయితం లేనిది సస్తగ ఇస్తమంటే ఆశపడకు, రిపేరుకు వచ్చిననాడు ఆ మిగిలిన పైసలకు డబుల్ పోతయ్. లెన్సు మూత పెట్టి 30 సెకన్ల ఫోటో తీసి పెంచి చూడు, చెడిపోయిన పిక్సెళ్లు రంగు చుక్కలై కనపడతయ్. ఎఫ్/16 కాడ తెల్లటి గోడను తీసి దుమ్ము చుక్కలు చూడు. డయళ్లన్నీ తిప్పి చూడు.

105ను సుత ఒకసారి వెలుతురుకు పట్టి చూడు. ఎపర్చర్ మొత్తం తెరిచి, ఎనుక నుంచి ఫోన్ టార్చి కొట్టు. సాలెగూడు లెక్క సన్న పోగులుంటే బూజు పట్టినట్టు. రెక్కల మీద నూనె తడి ఉంటే రింగు తిప్పినప్పుడు ఆలస్యంగ మూసుకుంటయ్. వానాకాలం అయ్యేదాంక మూత గట్టిగున్న డబ్బాల సిలికా జెల్ వేసి పెట్టు, తోలు కవర్ల మాత్రం ఉంచకు, అది తేమ పట్టుకుంటది.

ఇంకోటి, డి750 అమ్మాలంటే 50డి తోని కలిపే అమ్ము. ఆ లెన్సు ఆ బాడీ మీద ఆటోఫోకస్ పడతది, కొనేటోనికి రెండూ అక్కెరకొస్తయ్, నీకూ మంచి ధర వస్తది. ఎవలన్న అడుగుతే నీ దిక్కు పంపిస్త, ఎంతకు ఇద్దామనుకుంటున్నవో రాయి. వదినను, పిల్లలను అడిగిన అని చెప్పు.

నీ
రఘు