సైట్లు లేని రైఫిల్‌తో గురి ఎలా చూడాలి?

సంపాదకుల వారికి నమస్కారం.

పలమనేరు, కుప్పం వైపు అడవి పందులు చెనక్కాయ చేలను తవ్వి పారేస్తున్నాయని మీ పత్రికలో తరచూ చదువుతున్నాం. లైసెన్సు తుపాకులు ఉన్నవాళ్ళు కూడా ఏమీ చేయలేకపోతున్నారని చివర్లో ఒక ముక్క రాసి వదిలేస్తారు, ఎందుకు చేయలేకపోతున్నారో మాత్రం ఎవరూ రాయరు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అటవీ శాఖ అనుమతి లేనిదే పందిని కూడా కాల్చకూడదు, దాంతో నాకు పేచీ లేదు. అనుమతి చేతికొచ్చాక కూడా కొందరి దగ్గర పని తుపాకీ దగ్గరే ఆగిపోతుంది.

ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిల్‌కి ముందు, వెనక ఇనప సైట్లు, అంటే గురి చూసుకునే గుర్తులు, ఉంటాయి. విదేశీ రైఫిళ్ళ సంగతి వేరు. తుపాకీ మీద బిగించే టెలిస్కోప్‌లు (స్కోప్‌లు) మామూలైపోయాక చాలా కంపెనీలు బారెల్‌ను, అంటే తూటా వెళ్ళే గొట్టాన్ని, సైట్లు లేకుండా నున్నగా వదిలేశాయి, స్కోప్ ఎటూ పెట్టుకుంటారు కదా అని. మా మామ దగ్గర ఉన్నది అలాంటిదే. మసక వెలుగులో స్కోప్ బాగా పనిచేస్తుంది, కాదనను. కానీ చలికాలం తెల్లవారుజామున అద్దానికి మంచు పడితే ఏమీ కనపడదు. పైగా ఎలక్షన్ వచ్చిందంటే తుపాకీ స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు, అక్కడ నాలుగు తుపాకుల మధ్య ఆనించి పెడతారు, తిరిగి తెచ్చుకునేసరికి స్కోప్ ఎటు తిరిగిందో దేవుడికే తెలియాలి. అప్పుడు ఇనప సైట్లు కూడా లేకపోతే అది దుడ్డుకర్రతో సమానం. అలాంటి దాంతో అంచనాగా కాలిస్తే పంది చావదు, దెబ్బ తిని పక్క చేలో కాయలు పెరుకుతున్న ఆడవాళ్ళ మీద పడుతుంది.

మరి సైట్లు పెట్టించుకోవచ్చు కదా అంటారు. పెట్టించుకోవచ్చు, కానీ లేత్ షాపులో రెండు చిల్లులు వేయిస్తే అయిపోయే పని కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ రిపేరు చేసేవాడికి కూడా లైసెన్సు ఉండాలి. చట్టాన్ని పక్కన పెట్టినా, మూతి దగ్గర బారెల్ గోడ పలచగా ఉంటుంది, డ్రిల్లు కొంచెం లోతుకు దిగితే గొట్టంలోకే వెళ్ళిపోతుంది. వెల్డింగ్ మాట అసలు తలపెట్టకూడదు, ఆ వేడికి ఉక్కు గుణమే మారిపోతుంది. తెలిసినవాళ్ళు ముందు సైటును బారెల్‌కు సరిపోయే రింగుతో బిగిస్తారు, లేదా తక్కువ వేడితో కరిగే సోల్డర్‌తో అతికిస్తారు. వెనక సైటుకు చాలాసార్లు కొత్త చిల్లులే అక్కర్లేదు, స్కోప్ బిగించడానికి కంపెనీ వేసిన చిల్లులకే పీప్ సైటు, అంటే చిన్న రంధ్రం ఉన్న సైటు, బిగించుకోవచ్చు. నలభై దాటిన కళ్ళకు అదే మేలు, ఎందుకంటే గాడి సైటులో వెనక ఉండే గాడి, ముందు సైటు పుల్ల, గురి మూడూ ఒకేసారి స్పష్టంగా కనపడవు.

ఎక్కువమంది పట్టించుకోనిది ముందు సైటు ఎత్తు. రెండు సైట్ల మధ్య 60 సెంటీమీటర్లు ఉండి, 100 మీటర్ల దగ్గర తూటా 10 సెంటీమీటర్లు కిందికి తగులుతుంటే, ముందు సైటును 0.6 మిల్లీమీటర్లు ఆకురాయితో అరగదీస్తే సరిపోతుంది. అదే పైకి తగులుతుంటే అరగదీయడం పనికిరాదు, ఇంకా పొడుగు సైటు కావాలి. అందుకే మొదటే కాస్త పొడుగుది పెట్టించి, కాల్చి చూసుకుంటూ తగ్గించుకోవాలి. ఇంకొకటి, స్కోప్ కోసం చేసిన రైఫిళ్ళకు చెంప ఆనించే కర్ర ఎత్తుగా ఉంటుంది, చెంప ఆనిస్తే కన్ను సైట్ల పైన ఉండిపోతుంది. డబ్బు ఖర్చు పెట్టకముందే అది చూసుకోవాలి.

ఇంతా తెలిసినా చేయించేది ఎక్కడ? పలమనేరు వాళ్ళకు పెద్ద ఊరంటే బెంగళూరు, కానీ లైసెన్సు మన రాష్ట్రం వరకే చెల్లేదైతే తుపాకీతో బార్డర్ దాటకూడదు. చేయించుకున్నాక కాల్చి చూసుకోవడానికి చోటూ లేదు, సొంత చేలో కాలిస్తే ఊళ్ళో గోల. ఈ బాధలన్నీ ఎందుకని కొందరు చేను చుట్టూ కరెంటు తీగలు లాగుతున్నారు, వాటికి ఏనుగులూ పోతున్నాయి, మనుషులూ పోతున్నారు.

2016 ఆయుధ నియమాల్లో కొత్తగా లైసెన్సు తీసుకునేవాళ్ళకు శిక్షణ గురించి ఉంది. పాతవాళ్ళనూ కాస్త చూడండి. రెన్యువల్‌కు వచ్చినప్పుడు లైసెన్సు ఉన్న రిపేరువాళ్ళ జాబితా చేతిలో పెట్టాలి. పంట చేతికొచ్చే ముందు ఏడాదికి ఒక్క రోజైనా పోలీసు ఫైరింగ్ రేంజిలోకి మమ్మల్ని రానిచ్చి, తూటా ఎక్కడ తగులుతుందో చూసుకోనివ్వాలి. తూటాల ఖర్చు మాదే. ఈ రెండింటి మీద జిల్లా అధికారులు ఏమంటారో మీ విలేకరి ఒకసారి అడిగి రాస్తే బాగుంటుంది.

ఇట్లు,
ఒక చెనక్కాయ రైతు,
పలమనేరు మండలం, చిత్తూరు జిల్లా