ట్యూనా డబ్బా మీద రాయని దీవులు

సంపాదకుల వారికి,

సముద్ర సంపద గురించి ఉపన్యాసాలిచ్చేవారు పసిఫిక్ మ్యాపులో ఒకసారి కిరిబతి అనే దీవుల దేశాన్ని వెతకాలి. నేలంతా కలిపినా 811 చదరపు కిలోమీటర్లే. దాని హక్కులోని సముద్రం మాత్రం సుమారు 35 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన దేశ విస్తీర్ణం కంటే ఎక్కువ! అక్కడ ట్యూనా చేపలు పట్టేవి చాలావరకు పరాయి దేశాల ఓడలే. ఒకప్పుడు అవి నామమాత్రపు రుసుము చేతిలో పెట్టి వెళ్లిపోయేవి. ఒక దీవి బెట్టు చేస్తే పక్క దీవితో బేరం కుదుర్చుకునేవి.

1982 నౌరు ఒప్పందంతో కిరిబతి, మరికొన్ని పసిఫిక్ దీవి దేశాలు ఒక్కటయ్యాయి. 2007 నుంచి వేట రోజులనే అమ్ముతున్నాయి. తర్వాత పెద్ద వలల ఓడకు రోజుకు కనీస ధర 8,000 డాలర్లుగా పెట్టుకున్నాయి. చేప పడకపోయినా రోజు రోజే. (మన రేవుల్లో దళారీలతో వేగే మత్స్యకారులకు ఈ కిటుకు వెంటనే అర్థమవుతుంది.) దీవుల రాబడి ఎన్నో రెట్లు పెరిగింది.

అయినా డబ్బాలో నింపి అమ్ముకునే లాభం ఎక్కువగా బయటి దేశాలదే. డబ్బా మీద తయారైన దేశం పేరు కనిపిస్తుంది, చేప పెరిగిన సముద్రం పేరు చాలాసార్లు ఉండదు. పైగా నీరు వేడెక్కితే ట్యూనా తూర్పుకు, ఎవరికీ చెందని జలాల్లోకి జరిగిపోతుందని శాస్త్రవేత్తల అంచనా. అక్కడ ఈ దీవులకు రుసుము రాదు. పొగ వదిలింది ఒకరు, చేప పోగొట్టుకునేది ఇంకొకరా? చేప ఎటు జరిగినా ఈ దీవుల వాటా తగ్గకుండా సముద్ర వేటను నియంత్రించే అంతర్జాతీయ మత్స్య సంఘాలు ఇప్పుడే నిబంధన రాయాలి.

– ఒక పాఠకుడు, కాకినాడ