మాత్ర ఎన్నింటికి పెట్టారు?

ఎడిటర్ గారికి,

అబార్షన్ వికటించిన వార్త మీ జిల్లా పేజీలో వచ్చి పది రోజులైంది. ఏం వికటించిందో, ఎందుకు వికటించిందో ఇంతవరకూ ఎవరూ రాయలేదు. ముప్పై ఏళ్లు స్టాఫ్ నర్సుగా లేబర్ రూములో పనిచేసినదాన్ని, ఉండబట్టలేక రాస్తున్నాను.

మొదటి మూడు నెలల్లో చేసే అబార్షన్‌లో గర్భసంచి మూతి చిరగడం, సంచికి కన్నం పడటం అరుదే. అరుదుగానే ఉండాలంటే మూతి ముందుగా మెత్తబడాలి. ఇంకా కాన్పు కాని అమ్మాయికి అది బిగుసుకుని ఉంటుంది. 200 మైక్రోగ్రాముల మిసోప్రోస్టాల్ మాత్రలు రెండు నాలుక కింద పెడితే గంటా రెండు గంటల్లో, యోనిలో పెడితే మూడు గంటల్లో వదులవుతుంది. మూతిని వెడల్పు చేసే కడ్డీలతో (డైలేటర్లతో) బలవంతంగా తెరవాల్సిన పని తగ్గుతుంది. తొమ్మిది దేశాల్లో దాదాపు 5 వేల మందిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పరిశీలన 2012లో వచ్చింది. మాత్ర పెట్టినవాళ్లలో గర్భం ముక్కలు లోపల మిగిలిపోవడం సగానికి మించి తగ్గింది. కడుపునొప్పి, కాస్త రక్తం కనబడటం ఉంటాయి, నిజమే. అందుకే ముందే చెప్పి, పక్కన మనిషిని ఉంచాలి. మా పెద్ద సిస్టర్ మాత్ర పెట్టిన టైము ప్లాస్టర్ ముక్క మీద రాసి మంచానికి అంటించేవారు. అప్పటినుంచి ఆగాల్సిన గంటలు నిండకుండా డాక్టరమ్మ అడిగినా థియేటర్‌లోకి పంపేవారు కాదు.

మొన్న వేసవిలో మా ఆడపడుచు కూతుర్ని ఓ ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లాం. తొమ్మిదో వారం. ఎనిమిదింటికి వెళ్తే, అల్లుడు వచ్చి సంతకం పెట్టాలని పదింటిదాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకి తమ సంతకం ఒక్కటే చాలని 1971 చట్టంలోనే ఉంది. అతను వచ్చిన పావుగంటకే టేబుల్ ఎక్కించారు. మాత్ర పెట్టలేదేమని అడిగితే "ఓపీ ఉందమ్మా, టైం లేదు" అన్నారు. ఆ బెంచీ మీద కూర్చున్న రెండు గంటలు సరిపోయేవి కదా! అదీ లోపలిది పీల్చి తీసే వాక్యూమ్‌తో కాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దని ఎప్పటినుంచో చెబుతున్న, లోహపు పరికరంతో లోపల గీకే డీ అండ్ సీయే. పన్నెండో రోజున పిల్లకి జ్వరం, దుర్వాసన, మళ్లీ అడ్మిషన్, మళ్లీ క్లీనింగ్.

తనిఖీకి వచ్చే అధికారులు రిజిస్టర్లు, ఫారాలు తిరగేసి, టీ తాగి వెళ్తారు. కేస్‌షీట్ చదవరు. వీధికో నర్సింగ్ కాలేజీ వచ్చింది గానీ, పేషెంటు పక్కన నిలబడటం నేర్పేవాళ్లు కరువయ్యారు. జిల్లా వైద్యాధికారి గారు ఈసారి తనిఖీలో మాత్ర పెట్టిన టైము, టేబుల్ ఎక్కించిన టైము పక్కపక్కన పెట్టి చూడాలి. మీ విలేకరి కూడా మీ వార్తలోని ఆస్పత్రిలో అదే అడగాలి.

– ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, తెనాలి