పళ్ళ డాక్టర్లతో మాకేం పనంటే

శ్రీకాకుళం
ఆదివారం రాత్రి

ఒరేయ్ మావా,

ఎలా ఉన్నావు? ఇంట్లో అందరూ కులాసాయేనా? మొన్న ఫోన్లో ఒక మాట అడిగావు. "కిడ్నీ జబ్బు మీద రీసెర్చ్ అంటున్నావు, మధ్యలో ఈ పళ్ళ డాక్టర్లెందుకురా, ఇంజనీరింగు వాళ్ళెందుకురా" అని. అది ఫోన్లో తేలే సంగతి కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. నువ్వూ తీరిగ్గానే చదువు, ఎందుకంటే చివర్లో నిన్ను ఒకటి అడగబోతున్నాను.

ఉద్దానం గురించి నీకు కొత్తగా చెప్పేదేముంది. మీ పెద్దమ్మగారి ఊరు సోంపేట పక్కనే. కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు... ఆ కొబ్బరి తోటలూ జీడి తోటలూ మనం తిరిగినవే. ఇప్పుడు ఏ వీధిలో అడిగినా కిడ్నీ మాట రాకుండా ఉండదు. 2019లో వచ్చిన ఒక పేపరు ఎప్పుడూ నా టేబుల్ మీదే ఉంటుంది. ఉద్దానంలో 2,210 మందిని పరీక్షిస్తే 18 శాతం పైచిలుకు మందికి దీర్ఘకాల కిడ్నీ జబ్బు ఉందనీ, వాళ్ళలో సుమారు 73 శాతం మందికి షుగరు, బీపీ లాంటి తెలిసిన కారణమేదీ కనబడలేదనీ అందులో తేల్చారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు రైతుల్లోనూ, ఎల్ సాల్వడార్, నికరాగ్వా దేశాల్లో చెరకు కోసే కూలీల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. నీళ్ళా, ఎండా, పురుగుమందులా, వంశంలోనే ఉందా అని అన్నిచోట్లా అవే అనుమానాలు. ఫలానాదే కారణమని గట్టిగా రుజువైంది మాత్రం ఏదీ లేదు.

మాది ఫార్మసీ కదా, మా చూపు ముందు మాత్రల మీదకే పోతుంది. పగలంతా ఎండలో పని చేసి వచ్చిన మనిషి నడుము నొప్పికో కాళ్ళ నొప్పులకో ఒక బిళ్ళ వేసుకుని పడుకుంటాడు. చెమటోడి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు అక్కడి రక్తనాళాన్ని తెరిచి ఉంచుతాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మందులు నొప్పి తగ్గించేది ఆ ప్రోస్టాగ్లాండిన్లను తగ్గించే. అంటే కిడ్నీకి ఆసరా ఎప్పుడు ఎక్కువ కావాలో సరిగ్గా అప్పుడే ఆ ఆసరా పోతుంది. ఉద్దానం జబ్బుకి ఇదే కారణమని నేననడం లేదురా, అలా అనడానికి ఆధారం లేదు. కానీ ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీకి ఇది ఇంకో దెబ్బ అన్న సంగతి మా పాఠ్యపుస్తకాల్లోనే ఉంది.

మరి ఎవరు ఏ బిళ్ళ ఎన్నాళ్ళుగా వేసుకుంటున్నారో ఎలా తెలుస్తుంది? అడిగితే "ఎర్ర బిళ్ళండి", "ఒళ్ళు నొప్పుల బిళ్ళండి" అంటారు. తప్పు వాళ్ళది కాదు. షీటులోంచి రెండో మూడో కత్తిరించి ఇస్తే పేరూ ఎక్స్‌పైరీ డేటూ మిగతా ముక్క మీద కొట్లోనే ఉండిపోతాయి. డైక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్ మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. కానీ చీటీతో కొన్నవాళ్ళు ఆ చీటీ దాచుకుని ఉండాలి కదా! అందుకే మా పిల్లలకు ముందు నేర్పుతున్నది ఇంటింటికీ వెళ్ళి ఓపిగ్గా అడగడం. దూలం సందులో, దేవుడి పటం వెనక, బియ్యం డబ్బా మీద, ఎక్కడ పెట్టినా సరే, ఉన్న మందులన్నీ ఓ చోట పోసి ఒక్కొక్కటీ ఫోటో తీసి రాసుకోవడం. ఇది గొప్ప రీసెర్చిలా కనబడదు. నా దృష్టిలో మొత్తం పనికి పునాది ఇదే.

ఇక పళ్ళ డాక్టర్ల సంగతి. కిడ్నీ జబ్బు మొదట్లో నొప్పి ఉండదు, కాబట్టి దానికోసం ఎవరూ ఆస్పత్రికి రారు. పంటి నొప్పి అలా కాదు, రాత్రి నిద్ర పట్టనివ్వదు, మర్నాడు పొద్దున్నే బయల్దేరాల్సిందే. అంటే ఏ జబ్బూ లేదనుకునే నలభై ఏళ్ళ మనిషి తనంతట తాను నడిచొచ్చి కుర్చీలో కూర్చునే చోటు డెంటల్ కాలేజీ ఓపీ. పన్ను పీకాక ఆయన చేతికొచ్చే చీటీలో చాలాసార్లు ఒక యాంటీబయాటిక్, ఒక నొప్పి బిళ్ళ. ఆయన కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలిస్తే అక్కడ పారాసెటమాల్ రాయొచ్చు, కిడ్నీ బాగా మందగించిందంటే అమాక్సిసిలిన్ డోసుల మధ్య వ్యవధి పెంచొచ్చు. డయాలసిస్ చేయించుకునేవాళ్ళకు ఆ రోజు హెపారిన్ ఇస్తారు కాబట్టి రక్తం తొందరగా గడ్డకట్టదు, పన్ను మర్నాడు పీకడం మేలు. ఈ మాటలన్నీ పళ్ళ డాక్టరు, ఫార్మసీ మనిషి పక్కపక్కన కూర్చుంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేవే. మన జిల్లాలో రెండు కాలేజీలూ ఉన్నాయి, ఆ ఐదు నిమిషాలే లేవు.

నోరు చూసి జబ్బు పసిగట్టడం కొత్తేమీ కాదురా. 1937లో షార్ట్ బృందం అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి రాసింది. ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళో ఎముకలు వంగకముందే పిల్లల పళ్ళ మీద గారలు కనిపిస్తాయి. తర్వాత నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారుచేస్తే దానికి నల్గొండ పేరే పెట్టారు. పళ్ళు ఆనవాలు చూపించాయి, నీళ్ళ ఇంజనీరింగు దారి చూపించింది. మన దగ్గర కూడా అలా కలిసి నడవాలని నా పట్టుదల.

ఇప్పుడు ఇంజనీర్లు. కిడ్నీ వడపోసి బయటికి పంపే వ్యర్థాలు యూరియా, క్రియాటినిన్. అవి ఉమ్మిలో కూడా ఉంటాయి, కిడ్నీ మందగిస్తే అక్కడా పెరుగుతాయి. సూది గుచ్చకుండా కాగితం పట్టీ మీద ఉమ్మి చుక్క వేసి రంగు చూసి చెప్పగలిగితే ఊళ్ళో ఆశా కార్యకర్తే పరీక్ష చేసేయొచ్చు. దీనికి వాడే రసాయన చర్య చాలా పాతది, 1886లో మాక్స్ యాఫే గమనించాడు. క్షారంలో పిక్రిక్ ఆమ్లంతో క్రియాటినిన్ కలిస్తే నారింజ ఎరుపు వస్తుంది. కాగితం మీదే సన్నటి దారులు గీసి ద్రవాన్ని నడిపించే పద్ధతి హార్వర్డ్‌లో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం 2007లో చూపించింది. వినడానికి తేలిగ్గానే ఉంది కదూ? పనిలోకి దిగితే ఒక్కొక్కటే బయటపడుతుంది. ఉమ్మిలో క్రియాటినిన్ రక్తంలోకంటే చాలా తక్కువ, కాబట్టి లేత రంగుల మధ్య తేడా పట్టుకోవాలి. ఫోన్ కెమెరాతో తీస్తే ట్యూబులైటు కింద ఒక రంగు, చెట్టు కింద ఇంకో రంగు. అందుకే ఎలక్ట్రానిక్స్ వాళ్ళు లోపల ఎల్‌ఈడీ పెట్టి మూసిన చిన్న డబ్బా తయారు చేస్తున్నారు. సముద్రం గాలికి కాగితం చెమ్మగిల్లుతుంది, ఎచ్చెర్లలో ఏసీ గదిలో పనిచేసింది బారువ తీరంలో పనిచేస్తుందా అన్నది అక్కడికి పట్టుకెళ్తేనే తెలుస్తుంది. పిక్రిక్ ఆమ్లం పొడిగా ఉంటే పేలే పదార్థం, దాన్ని తడిగా జాగ్రత్త చేసే బాధ్యత మా ల్యాబుది.

అన్నిటికన్నా ముఖ్యమైంది చెప్తా విను. చిగుళ్ళలోంచి రవ్వంత రక్తం కారినా ఆ ఉమ్మిలో కొలత మారిపోతుంది, ఎందుకంటే రక్తంలో క్రియాటినిన్ ఎక్కువ. చిగుళ్ళ వాపు ఉన్నవాళ్ళు మన ఊళ్ళలో తక్కువా? ఆ నోరు చూసి "ఈ శాంపిలు పనికొస్తుంది, ఇది పనికిరాదు" అని చెప్పగలిగేది పళ్ళ డాక్టరే. ఆయన లేకుండా ఇంజనీరు ఎంత మంచి పట్టీ చేసినా అది కిడ్నీని కొలుస్తోందో చిగుళ్ళను కొలుస్తోందో తెలీదు. నీ ప్రశ్నకు నా అసలు జవాబు ఇదిరా.

చివరికి డేటా లెక్కలు కట్టే నీ దగ్గరకొచ్చాను. జబ్బు ఉందో లేదో కంప్యూటరే చెప్పేలా కంప్యూటర్ సైన్స్ పిల్లలు చేసే ప్రాజెక్టులు బోలెడు చూశాను. చాలామంది తీసుకునేది అమెరికాలోని యూసీఐ యూనివర్సిటీ వాళ్ళు 2015లో ఇంటర్నెట్లో పెట్టిన ఒకే డేటా. తమిళనాడులో సేకరించింది, మొత్తం 400 మంది, జబ్బున్నవాళ్ళు 250, లేనివాళ్ళు 150. 99 శాతం యాక్యురసీ వచ్చిందని బైండింగు చేయించి పెడతారు. ఆ డేటాలో సీరం క్రియాటినిన్, అంటే రక్తంలోని క్రియాటినిన్, ఒక కాలమ్‌గా ఉంది! డాక్టరు జబ్బుందని తేల్చేది ప్రధానంగా దాన్ని చూసే. ప్రశ్నపత్రంలోనే జవాబు అచ్చేసి మార్కులు వేసినట్టు. క్రియాటినిన్ పరీక్ష చేయించుకోని మనిషిని, ఒక్క నొప్పి బిళ్ళ తప్ప ఏమీ తెలియని మనిషిని ముందే పట్టుకోగలిగితే అదీ మోడలంటే. ఆ పిల్లల్లో తెలివికి లోటు లేదు, వాళ్ళకు మన ఊరి డేటా ఇచ్చినవాడే లేడు, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇంకో చిక్కు కూడా నీకు తెలియాలి. ఒక్కసారి పరీక్షలో ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీ ఎంత వడపోస్తోందో క్రియాటినిన్‌ని బట్టి వేసే అంచనా, 60 కంటే తక్కువ వచ్చిందని దీర్ఘకాల జబ్బు అనకూడదు, మూడు నెలలకు మించి అలాగే ఉండాలి. ఎండలో పని చేసి నీళ్ళు తాగకుండా వచ్చిన రోజు ఎవరికైనా అంకె అటూ ఇటూ అవుతుంది. క్రియాటినిన్ కండలోంచి వస్తుంది, కాబట్టి బక్కపలచటి కూలీ మనిషికి కిడ్నీ దెబ్బతిన్నా అంకె మామూలుగానే కనబడొచ్చు. కాబట్టి ఎవరిని ఎప్పుడు, ఏ పనికి వెళ్ళొచ్చాక పరీక్షించామో రాసుకోకపోతే తర్వాత నువ్వు ఎంత గొప్ప లెక్క కట్టినా లాభం లేదు. డేటా వచ్చాక నీకు పంపడం కాదు, సేకరించకముందే నువ్వు మా పక్కన ఉండాలి.

అడ్డంకులు లేవా అంటే ఉన్నాయి. డెంటల్ కాలేజీలు విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కింద, ఇంజనీరింగ్ కాలేజీలు విజయనగరం జేఎన్‌టీయూ గురజాడ కింద. మాకు పైన ఫార్మసీ కౌన్సిల్, పళ్ళ డాక్టర్లకు పైన వేరే సంస్థ. పేపర్లో మొదటి పేరు ఎవరిదన్న దగ్గరే ఒక సాయంత్రం గడిచిపోయింది. అది వదిలెయ్, సర్దుకుంటాం.

సర్దుకోకూడనిది ఒకటుంది. ఉద్దానం జనం విసిగిపోయి ఉన్నారురా. ఎన్నో బృందాలొచ్చాయి, రక్తం తీసుకెళ్ళాయి. మొన్న ఒక ముసలమ్మ "తీసుకెళ్ళినోళ్ళు మళ్ళీ రానేదు బాబూ, నాకేటి వచ్చిందో చెప్పనేదు" అంది. ఆమెకు ఏం చెప్పను? ఎథిక్స్ కమిటీకి మేం పెట్టిన కాగితంలో నేను పట్టుబట్టి రాయించినది ఒక్కటే. శాంపిలు ఇచ్చిన ప్రతి మనిషికీ ఫలితం తెలుగులో చీటీ రాసి, ఇంటికెళ్ళి చదివి వినిపించి చేతిలో పెట్టాలి. అవసరమైనవాళ్ళను పలాస ఆస్పత్రికి మేమే పంపాలి. 200 పడకల ఆస్పత్రీ, కిడ్నీ రీసెర్చ్ సెంటరూ 2023 డిసెంబరులో మొదలయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి ఇంటింటికీ నీళ్ళిచ్చే 700 కోట్ల పథకం ప్రారంభమైందీ అప్పుడే. నీళ్ళు మారిన ఊళ్ళలో రాబోయే ఏళ్ళలో ఏం జరుగుతుందో రాసిపెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి సమయం రాదు. ఇప్పుడు రాసుకోకపోతే తర్వాత పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

అందుకని అడుగుతున్నా. సంక్రాంతికి ఎలాగూ వస్తావు కదా, ఒక వారం ముందే ప్రశాంతి రైలు ఎక్కెయ్. ఆమదాలవలసలో నేనే వచ్చి తీసుకెళ్తా. డెంటల్ మేడమ్‌గారు, ట్రిపుల్ ఐటీ పిల్లలు, మేమూ కూర్చుని ఏ కాలమ్‌లో ఏం నింపాలో ఫారం తయారు చేద్దాం. తర్వాత నెలకో రెండు ఆదివారాలు మా పిల్లలతో ఆన్‌లైన్లో మాట్లాడితే చాలు. డబ్బులేమీ ఇవ్వలేం, అది ముందే చెప్తున్నా. ఫారం మొదటి ముసాయిదా రేపు నీకు పంపుతాను. చదివి ఎక్కడ నచ్చకపోయినా మొహమాటపడకుండా కొట్టేసి పంపు. సెలవు దొరుకుతుందో లేదో మాత్రం ఈ వారంలోనే చెప్పు, ఎథిక్స్ కమిటీ కాగితంలో నీ పేరు కూడా చేర్చాలి.

చెల్లెమ్మను అడిగానని చెప్పు. అమ్మగారికి నమస్కారాలు.

నీ మావ